మొదటి హోమ్ థియేటర్: 90 వేలు రిసీవర్ మీద పెట్టాలా, స్పీకర్ల మీద పెట్టాలా?

బెజవాడబ్బాయ్:
విజయవాడలో కొత్త ఫ్లాటు. హాలు 12×16 అడుగులు, డైనింగ్ వైపు గోడ లేదు, కింద టైల్స్. చూసేది ఎక్కువగా ఓటీటీ. బడ్జెట్ 90 వేలు. అట్మాస్ (తల మీంచి కూడా శబ్దం వినిపించే పద్ధతి) ఉన్న 7.2 రిసీవర్ (ఏడు స్పీకర్లు, బాస్ కోసం రెండు సబ్‌వూఫర్లు కలిపే యాంప్లిఫయర్ పెట్టె) కొని స్పీకర్లు చిన్నవి పెట్టుకోనా, 5.1 రిసీవర్‌తో సరిపెట్టుకుని స్పీకర్లు మంచివి తీసుకోనా? గోడల్లో వైర్లు వేయించాలంటే ఈ వారమే చెప్పాలి.

ట్వీటర్‌శాస్త్రి:
స్పీకర్లే, రెండో మాట లేదు. హెచ్‌డీఎంఐ వెర్షన్ మారినప్పుడల్లా రిసీవర్ పాతబడుతుంది. మంచి బుక్‌షెల్ఫ్ జత పదిహేనేళ్లయినా ఉంటుంది. యమహా ఆర్‌ఎక్స్-వి385 లాంటి 5.1 చాలు, అట్మాస్ లేకపోతే కొంప మునగదు. సగం డబ్బు ముందువైపు ఎడమ, కుడి జత మీద పెట్టండి, తర్వాత ఓ సబ్‌వూఫర్. టీవీ దగ్గర మధ్యలో పెట్టే సెంటర్ స్పీకర్ ఇప్పుడే అక్కర్లేదు. సెట్టింగుల్లో సెంటర్ లేదని పెడితే డైలాగులు ఎడమ, కుడి రెండింట్లోకీ సమానంగా వెళ్లి టీవీ మధ్యలోంచే వినిపిస్తాయి.

మణికొండ_సినిమా:
సెంటర్ వద్దంటారేంటి శాస్త్రిగారూ! సినిమాలో డైలాగులు చాలావరకు ఆ ఒక్క స్పీకర్లోంచే వస్తాయి. మాట అర్థం కాక రిమోట్ పట్టుకుని, మాటలప్పుడు పెంచడం, ఫైటింగప్పుడు తగ్గించడం... ఈ బాధ పడలేకే కదా హోమ్ థియేటర్ కొనేది.

గాజువాక:
1000 వాట్ల 5.1 సెట్టు 30 వేల లోపే వస్తోంది. మీరు చెప్పే రిసీవర్లు 80 వాట్లు. ఎందుకు కొనాలి?

ట్వీటర్‌శాస్త్రి:
అట్టపెట్టె మీద 1000 అంటే అన్ని ఛానెళ్లూ కూడి రాసిన అంకె. డెనాన్ ఎక్స్1700హెచ్ 80 వాట్లంటే 8 ఓమ్స్, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, రెండు ఛానెళ్లు నడుస్తుండగా, 0.08 శాతం డిస్టార్షన్‌తో అని రాస్తారు. రెండూ ఒక కొలత కాదు. పైగా వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. 85 సెన్సిటివిటీ (అదే కరెంటుకి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) ఉన్న స్పీకర్ బదులు 88ది కొంటే ఆ 3 డెసిబెల్స్ వాట్లు పెంచకుండానే వస్తాయి.

గాజువాక:
అంకెలు సరే. నేను ఒకసారి ఖరీదైన రిసీవరే కొన్నా. ఏడాది తిరక్కుండా హెచ్‌డీఎంఐ బోర్డు పోయింది. ఇది ఇండియా వారంటీ సరుకు కాదని సర్వీసు వాళ్లు ముట్టుకోలేదు. కొట్టువాడు ఫోనెత్తడు. అందుకే రిసీవర్ అంటేనే నాకు నమ్మకం పోయింది.

మణికొండ_సినిమా:
అన్నా, అది బిల్లూ వారంటీ కార్డూ చూసుకోవాల్సిన సంగతి. రిసీవర్లన్నీ అంతేనంటే ఎలా?

గాజువాక:
పోయింది నా డబ్బు. మీకు తేలిగ్గానే ఉంటుంది.

అమీర్‌పేట్98:
టైల్స్ హాల్లో ఏది పెట్టినా మోగుతుంది. ముందు మందపాటి కర్టెన్లు, ఒక కార్పెట్ వేయండి.

ట్వీటర్‌శాస్త్రి:
మళ్లీ సెంటర్ దగ్గరికే వస్తా. అడ్డంగా పడుకోబెట్టే సెంటర్లలో ట్వీటర్‌కి (సన్నటి శబ్దాలది) అటూ ఇటూ రెండు వూఫర్లు (లోతైన శబ్దాలవి) ఉంటాయి. పక్కనుంచి వింటే ఆ రెండిటి శబ్దం ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాట పలచబడుతుంది. దానికి 20 వేలా?

మణికొండ_సినిమా:
ఆ సంగతి నాకూ తెలుసు. అందుకే ముందువైపు పెట్టిన బుక్‌షెల్ఫే ఇంకొకటి టీవీ కింద నిలబెట్టా. టీవీ యూనిట్‌లో అర కోయించాల్సి వచ్చింది. జతగానే అమ్ముతారు కాబట్టి నాలుగోది అటక మీద ఉంది. మా అమ్మ కూర్చునేది కుడివైపు దివాన్ మీద. సెంటర్ లేకపోతే ఆవిడకి అన్నీ కుడి స్పీకర్లోంచే వినిపిస్తాయి. మీరు చెప్పే మధ్యలోంచి వినిపించడం మధ్య సీటు వరకే. ఆ సీట్లో మీరొక్కరే కూర్చుంటారు కాబట్టి మీకు లోటు తెలియదు!

ట్వీటర్‌శాస్త్రి:
అవును, ఒక్కణ్ణే కూర్చుంటా. తప్పేముంది? ఇంట్లో ఫ్రిజ్జు నుంచి కారు దాకా అన్నీ అందరినీ అడిగే కొన్నా. అందరికీ సరిపోవాలని మధ్యరకం సామాను కొంటే పాట ఎవరికీ సరిగ్గా వినపడదు. ఇదొక్కటైనా తన చెవి కోసం కొనుక్కోమని చెప్తున్నా.

మణికొండ_సినిమా:
అలాగైతే బెడ్‌రూంలో పెట్టుకోవాలి. హాల్లో పెట్టి, అమ్మకి మాట వినపడకపోయినా నాకు బాగుంది చాలు అనుకోవడం నా వల్ల కాదు. మనం ఇంతసేపూ కొట్టుకుంటున్నది సెంటర్ గురించి కాదండీ. బెజవాడబ్బాయ్, మీ ఇంట్లో ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారు?

బెజవాడబ్బాయ్:
అమ్మా నాన్నా, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. ఎల్ ఆకారం సోఫా. నాన్నకి ఎడమ చెవి సరిగ్గా వినపడదు, సోఫా చివరే కూర్చుంటారు. రాత్రి నేనొక్కణ్ణే పాటలు వింటా.

మణికొండ_సినిమా:
అయితే ముందువైపు జత, సెంటర్, సబ్. ఈ ఏడాదికి 3.1 చాలు. వెనక స్పీకర్లకి వైర్లు మాత్రం ఇప్పుడే లాగించి వదిలేయండి.

ట్వీటర్‌శాస్త్రి:
సెంటర్ పెట్టుకోండి, కానీ ముందు జతలో పైసా తగ్గించొద్దు. కావాలంటే సబ్ ఆపండి. రాత్రి పాటలకి పనికొచ్చేది ఆ జతే. కింది ఫ్లాటు వాళ్ల గొడవా ఉండదు.

బెజవాడబ్బాయ్:
ఎలక్ట్రీషియన్ రేపు పొద్దున్నే వస్తున్నాడు. సబ్‌కి టీవీ పక్కన పాయింటు పెట్టించనా, సోఫా పక్కనా?

ట్వీటర్‌శాస్త్రి:
రెండు చోట్లా. మీ గదిలో బాస్ ఎక్కడ బాగుంటుందో సబ్ పెట్టి వింటేగానీ తెలియదు. స్పీకర్ వైరు 14 గేజ్, పూర్తి రాగిది. హెచ్‌డీఎంఐకి వెడల్పు పైపు వేయించండి, కేబుల్ మార్చాల్సి వస్తే గోడ పగలగొట్టక్కర్లేదు.