ప్లేటు ఫిరాయించాడా, దిగొచ్చాడా?

నిన్న ఇక్కడ ఒకరు అడిగారు, అమెరికా ప్రైమరీల్లో (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలు) సొంత పార్టీ పోటీదారు గట్టిగా తగులుకుంటే అభ్యర్థి అంతవరకూ చెప్పిన మాట మార్చుకుంటాడు కదా, దానికి తెలుగులో ఏమనాలి అని. వెంటనే ముగ్గురు 'ప్లేటు ఫిరాయించడం' అనేశారు. నాకు మాత్రం అది అతకలేదు.

ప్లేటంటే గ్రామఫోను ప్లేటని మా తాతగారు చెప్పేవారు. ఒకవైపు పాట అయిపోగానే తిప్పి పెడితే రెండోవైపు ఇంకో పాట. ఫిరాయించడం హిందీ, ఉర్దూల 'ఫిర్‌నా', అంటే తిరగడం. పార్టీ ఫిరాయింపు కూడా అదే, 1985లో దాని మీద చట్టమే వచ్చింది. అందుకే ఆ మాట వినగానే స్వలాభం కోసం తనంతట తానే తిరిగాడన్న తిట్టు వినిపిస్తుంది. వెనక నుంచి ఎవరో నెట్టారన్న సంగతి అందులో ఎక్కడా లేదు.

2018 న్యూయార్క్ గవర్నర్ ప్రైమరీ చూడండి. అంతకు ముందు ఏడాదే అప్పటి గవర్నర్ ఆండ్రూ క్యూమో గంజాయిని ఇంకా పెద్ద మత్తుమందులకు దారి చూపేదని అన్నాడు. మార్చిలో నటి సింథియా నిక్సన్ పోటీకి దిగి, గంజాయిని చట్టబద్ధం చేయాల్సిందే అంది. వేసవికల్లా క్యూమో ప్రభుత్వ ఆరోగ్య శాఖే చట్టబద్ధం చేయొచ్చని నివేదిక ఇచ్చింది, బిల్లు రాయడానికి ఒక బృందాన్ని కూడా వేశారు. సెప్టెంబరులో ఆవిడ చిత్తుగా ఓడిపోయింది, సుమారు 34 శాతం ఓట్లు. చట్టం మాత్రం 2021లో వచ్చింది, సంతకం పెట్టింది క్యూమోనే.

దీనికి మన పేపర్లలో రోజూ కనబడే మాటే ఉంది కదండీ: దిగివచ్చాడు. 'సమ్మెతో దిగివచ్చిన ప్రభుత్వం' అంటాం. దించినవాళ్ళు ఉన్నారని ఆ మాటే చెబుతుంది.

అలాగని ప్లేటు ఎక్కడా పనికిరాదనను. 2012లో రిపబ్లికన్ పార్టీ నుంచి అధ్యక్ష పదవికి పోటీపడ్డ మిట్ రామ్నీ ప్రైమరీ ఓటర్ల కోసం తాను కరడుగట్టిన కన్సర్వేటివ్‌నని చెప్పుకున్నాడు. మరి అసలు ఎన్నికల్లో ఏం చేస్తారని టీవీలో అడిగితే ఆయన సలహాదారు ఒకాయన, అప్పుడు అంతా మారిపోతుంది, ఎచ్ ఎ స్కెచ్ లాంటిది, ఊపేసి మళ్ళీ మొదలుపెట్టొచ్చు అనేశాడు. అది గీతలు గీసి చెరుపుకునే పిల్లల బొమ్మ. ప్రత్యర్థులు దాన్ని చేత్తో పట్టుకుని మరీ సభల్లో ఊపారు. తెలుగులో అయితే పలక అంటే చాలు, ఉమ్మేసి తుడిచిన పలక. ఇది అచ్చంగా ప్లేటు ఫిరాయింపే.

(ప్రైమరీని 'ప్రాథమిక ఎన్నిక' అని రాసేవాళ్ళకో దణ్ణం. చదివితే స్కూల్ కమిటీ ఎన్నికలేమో అనిపిస్తుంది. ప్రైమరీ అనే ఉంచేద్దాం.)

ఒక వ్యాఖ్య: దిగివచ్చాడంటే ఓడినట్టు ఉంటుంది కదండీ, క్యూమో గెలిచాడుగా?

నా జవాబు: సమ్మెకు దిగివచ్చిన ప్రభుత్వం కూడా కుర్చీలోనే ఉంటుంది కదా. మెట్టు దిగుతుంది గానీ గద్దె దిగదు.

ఇంకో వ్యాఖ్య: మరి 2020 డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష ప్రైమరీ సంగతి? ఏప్రిల్ 8న బైడెన్ పోటీదారు బెర్నీ శాండర్స్ తప్పుకున్నాడు. మర్నాడే బైడెన్ మెడికేర్ (పెద్దవాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) వయసు 65 నుంచి 60కి తగ్గిస్తానన్నాడు, కొందరి విద్యారుణాలు మాఫీ అన్నాడు. పోటీదారే లేనప్పుడు దించింది ఎవరు?

నా జవాబు: బాగా పట్టుకున్నారు, ఇక్కడ దిగిరావడం కుదరదు. టికెట్ రానివాళ్ళ ఇంటికి మన పార్టీల పెద్దలు వెళ్ళినప్పుడు పేపర్లో వచ్చే మాట చూడండి, బుజ్జగింపు. నేనైతే అదే వాడతాను. కాకపోతే ఇక్కడ బుజ్జగించేది అలిగిన నాయకుడిని, చేతిలో పెట్టేది ఎమ్మెల్సీయో కార్పొరేషన్ పదవో. అక్కడ బుజ్జగించాల్సింది శాండర్స్‌కి ఓటేసిన కుర్రకారుని, వాళ్ళందరికీ పదవులు ఎక్కడ నుంచి తెస్తాడు, అందుకే హామీలు ఇచ్చాడు.