6,000 రూపాయల లోపు కార్డ్‌లెస్ డ్రిల్లు: సరిహద్దు జిల్లాల్లో వాడుతున్నవారి అనుభవాలు

గుణుపురం_చెక్కపని
ఇంటి వెనుక వసారాలో బల్లలు, అల్మరాలు చేసుకోవడం, పాత తలుపులు బాగుచేసుకోవడం నాకు అలవాటు. వసారాలో ప్లగ్ పాయింటు లేదు, వానాకాలంలో కరెంటు తరచుగా పోతుంది. అందువల్ల కార్డ్‌లెస్ డ్రిల్లు కొనాలనుకుంటున్నాను; 6,000 రూపాయలకు మించి పెట్టలేను. ఆ ధరకు పేరున్న కంపెనీ 12 వోల్టుల డ్రిల్లు ఒకటి దొరుకుతోంది. అదే ధరకు ఎన్నడూ పేరు వినని కంపెనీ 48 వోల్టుల డ్రిల్లు, గ్రైండరు, రెండు బ్యాటరీలు కలిపి ఒకే పెట్టెలో ఇస్తోంది. వాడి చూసినవారు దయచేసి చెప్పగలరు.

రాయగడ_మోటార్లు
ముందుగా ఆ 48 అనే అంకెను మరిచిపోండి. లిథియం అయాన్ సెల్లు ఒక్కొక్కటి సగటున 3.6 వోల్టులు ఇస్తుంది, నిండుగా ఛార్జ్ అయినప్పుడు 4.2 వరకు చేరుతుంది. మూడు సెల్లులను వరుసగా కలిపితే 10.8 వోల్టులు వస్తాయి. దానినే 12 అని అమ్ముతారు. ఐదు కలిపితే 18, నిండుగా ఉన్నప్పుడు కొలిస్తే 21. కాబట్టి పెట్టెలపై 18 అని, 20 అని, 21 అని వేరువేరుగా రాసినా లోపల ఉండేది ఐదు సెల్లుల వరుసే. 48, 88 అని రాసి నా దగ్గరికి మరమ్మతుకు వచ్చిన బ్యాటరీలకు మల్టీమీటరు పెడితే 20కి అటూ ఇటూగానే చూపించాయి.

బ్యాటరీలో ఎంత ఛార్జ్ నిల్వ ఉంటుందో చెప్పే ఆంపియర్ అవర్ల సంగతి కూడా అంతే. ఈ బ్యాటరీల్లో వాడే సాధారణ 18650 రకం సెల్లు 2 నుంచి 3 ఆంపియర్ అవర్ల దాకా ఇస్తుంది. మరీ మంచిదైతే 3.5. ఐదే సెల్లులున్న బ్యాటరీపై 6 అని రాసి ఉంటే దానిని నమ్మవలసిన పని లేదు. చేతిలోకి తీసుకుంటే బరువే నిజం చెప్పేస్తుంది.

ఆ పెట్టెలోని గ్రైండరు మిమ్మల్ని ఊరిస్తున్నట్లుంది. నిజంగానే 18 వోల్టులు, 4 ఆంపియర్ అవర్లు ఉన్న బ్యాటరీలో నిల్వ, ఆ రెండింటినీ గుణిస్తే, 72 వాట్ అవర్లు. నాలుగు అంగుళాల గ్రైండరు పనిలో ఉన్నప్పుడు 500 వాట్లు లాగుతుందనుకుంటే అది 8, 9 నిమిషాల్లో ఖాళీ అవుతుంది. చౌక బ్యాటరీల్లో సెల్లుల వోల్టేజీని సమానంగా ఉంచే ఏర్పాటు చాలాసార్లు ఉండదు. ఒక సెల్లు ముందుగా నీరసించిందంటే, మిగిలిన నాలుగూ బాగున్నా బ్యాటరీ మొత్తం పనికిరాకుండా పోతుంది. గ్రైండరు కావాలంటే వైరుదే కొనుక్కోండి.

సిరొంచ_టేకు
మా వైపు టేకు పని ఎక్కువ. నేను వాడేది 12 వోల్టుల డ్రిల్లే. దాని తిప్పే బలం (టార్క్) 30 న్యూటన్ మీటర్ల లోపే. అది చాలదని చెప్పేవారు సాధారణంగా బెజ్జం వేయకుండానే స్క్రూ దించాలని చూస్తారు. స్క్రూ మర లోపలి కాడ ఎంత లావుంటుందో అంత బిట్టుతో ముందు బెజ్జం వేసి, మరకు కాస్త సబ్బు రాసి, మొదటి గేరులో నెమ్మదిగా తిప్పితే ఎండిన టేకులోకి కూడా స్క్రూ శుభ్రంగా దిగుతుంది. ఇత్తడి స్క్రూలు వేయవలసి వస్తే అదే కొలత ఇనుప స్క్రూను ఒకసారి దించి, తీసి, ఆ తరువాత ఇత్తడిది వేయండి. లేకపోతే తల తెగి కాడ లోపలే ఉండిపోతుంది. బిట్టును పట్టుకునే చక్ వెనుక అంకెలున్న రింగును చిన్న అంకెతో మొదలుపెట్టి, స్క్రూ తల చెక్కకు సమంగా దిగేవరకు ఒక్కొక్క అంకె పెంచుకుంటూ పోవాలి. చాలామంది దానిని డ్రిల్లు గుర్తు దగ్గరే వదిలేసి, స్క్రూ తలలు అరగదీసుకుంటారు.

జయపురం_మేస్త్రీ
చెక్కకు 12 వోల్టులు చాలుననడంలో నాకు అభ్యంతరం లేదు. ఇటుక గోడకు 6 మిల్లీమీటర్ల బెజ్జం వేయడానికి ఇంపాక్ట్ ఉన్న రకం సరిపోతుంది. కాంక్రీటు లింటెలు, స్లాబు మాత్రం దానితో ముట్టుకోవద్దు. ఇంపాక్ట్ డ్రిల్లులో రెండు పళ్ళ చక్రాలు ఒకదానిపై ఒకటి జారడం వల్ల దడ పుడుతుంది, అంతే. కాంక్రీటుకు వాడే ఎస్‌డీఎస్ హ్యామరు డ్రిల్లులో గాలి ఒత్తిడితో ముషలకం (పిస్టన్) వచ్చి బిట్టును కొడుతుంది. ఆ పని ఏడాదికి ఎప్పుడో ఒకసారి పడుతుంది కాబట్టి హ్యామరు అద్దెకు తెచ్చుకోవడమే మేలు.

బల్లార్‌పూర్_విశ్రాంత
పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక్క విషయంలో విభేదిస్తాను. 12 వోల్టుల బ్యాటరీ 18 వోల్టుల యంత్రానికి ఎక్కదు. రేపు జిగ్సా (వంపులు కోసే రంపం యంత్రం), బ్లోయరు వంటివి కొనే ఆలోచన ఉంటే, కొంత ఆగి డబ్బు కూడబెట్టుకుని 18 వోల్టుల వరుసలోకి వెళ్ళడం మంచిది. మకీటా 18 వోల్టుల బ్యాటరీ ఆకారాన్ని అనుకరించే చౌక యంత్రాలు బజారులో చాలా ఉన్నాయి. ఆ ఆకారంలోదైతే కనీసం బ్యాటరీ దొరకదనే బెంగ ఉండదు, నాణ్యత మాట వేరు.

అన్నిటికంటే ముందు విడి బ్యాటరీ ధర అడగండి. చాలాచోట్ల అది డ్రిల్లు ధరలో సగానికి దగ్గరగా ఉంటుంది. వారంటీ కార్డు ఉన్నా సర్వీసు కేంద్రం మాకు నాగపూర్‌లో, మీకు బహుశా విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఉంటుంది. రానూపోనూ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. మా చంద్రపూర్ జిల్లాలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. పని ముగిసిన వెంటనే వేడిగా ఉన్న బ్యాటరీని ఛార్జరులో పెట్టకుండా, నీడలో చల్లారనిచ్చి పెడితే ఎక్కువ కాలం మన్నుతుంది.

గుణుపురం_చెక్కపని
అందరికీ కృతజ్ఞతలు. నాకు జిగ్సా అవసరం కనిపించడం లేదు కనుక 12 వోల్టుల ఇంపాక్ట్ రకమే, రెండు బ్యాటరీలున్నది తీసుకుంటాను. బరంపురం దుకాణంలో విడి బ్యాటరీ ధర కనుక్కున్నాకే డబ్బు కడతాను. ఒక్క సందేహం మిగిలింది: కరెంటు లేనప్పుడు ఇంట్లోని ఇన్వర్టరుపై దీనిని ఛార్జ్ చేయవచ్చునా?

రాయగడ_మోటార్లు
చేయవచ్చు. 10.8 వోల్టులు, 2 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 22 వాట్ అవర్ల లోపే. ఛార్జరు వేడిగా పోయేది కలుపుకున్నా 30 అనుకోండి. 150 ఆంపియర్ అవర్ల ఇన్వర్టరు బ్యాటరీలో దాదాపు 1,800 వాట్ అవర్లు ఉంటాయి కనుక ఆ భారం లెక్కలోకే రాదు. మీది లైను కరెంటులాంటి కరెంటునే ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టరు అయితే నిశ్చింతగా పెట్టుకోండి. పాత స్క్వేర్ వేవ్ రకమైతే మొదటిసారి పెట్టినప్పుడు ఛార్జరుపై చేయి వేసి చూస్తూ ఉండండి. మామూలు కంటే ఎక్కువ వేడెక్కినా, బుయ్‌మని మోగినా తీసేసి, కరెంటు వచ్చాక పెట్టుకోండి.