‘హెల్ప్’ తర్వాత ‘టు’ లేకపోతే మార్కు కోసేయొచ్చా?

బ్యాంకు_ఆశావహుడు:
మా కోచింగ్ సెంటర్ మాక్ టెస్టులో వచ్చిన ప్రశ్న ఇది. తప్పున్న భాగం గుర్తించాలి. ‘మై బ్రదర్ / హెల్ప్‌డ్ మి క్యారీ / ద లగేజ్ టు ద స్టేషన్ / నో ఎర్రర్’. నేను నో ఎర్రర్ పెట్టా. కీలో రెండో భాగం తప్పట, ‘హెల్ప్‌డ్ మి టు క్యారీ’ అని ఉండాలట. మార్కు పోయింది, పైగా నెగెటివ్. వెళ్ళి అడిగితే ‘హెల్ప్ లిస్టులో లేదు బాబూ’ అని పంపేశారు. ఏ లిస్టు? ఎవరిచ్చారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత_మాస్టారు:
లిస్టు రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకంలోది నాయనా. బిడ్, లెట్, మేక్, నీడ్, డేర్, సీ, హియర్. ఈ ఏడింటి తర్వాత ఇన్ఫినిటివ్‌కి, అంటే ‘క్యారీ’, ‘వెయిట్’ లాంటి క్రియ మూలరూపానికి, టు పెట్టం. సర్వీసంతా పిల్లల చేత బట్టీ పట్టించిన పాఠం. హెల్ప్ అందులో లేదు కనుక టు ఉండాల్సిందే. కీ కరెక్టే. బయట జనం ఎలా మాట్లాడుతున్నారన్నది పరీక్షకి అనవసరం. అందరూ రాంగ్ రూట్లో వస్తున్నారని ట్రాఫిక్ రూలు మార్చరుగా!

డెస్కులో_రాత్రులు:
మాస్టారూ, నమస్తే. ఆ పేరా నేనూ చదువుకున్నా. ఏడు క్రియలకి టు అక్కర్లేదు అన్నంత మాత్రాన మిగతా క్రియలన్నిటికీ టు తప్పనిసరి అని అర్థం రాదు కదండీ. పైగా టు అనేది ఇన్ఫినిటివ్‌కి విడదీయరాని గుర్తేమీ కాదన్న మాట కూడా అక్కడే ఉంది. మనవాళ్ళు లిస్టు పట్టుకుని ఆ మాట వదిలేశారు.

నేను ఇంగ్లీషు పేపర్ డెస్కులో పనిచేస్తా. వార్తా ఏజెన్సీలు పంపే కాపీలో హెల్ప్ రెండు రకాలుగానూ వస్తుంది, ఏదీ దిద్దం. హెడ్డింగులో చోటు చాలకపోతే ముందు ఎగిరిపోయేది టు-నే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్, ఏ లెర్నర్స్ డిక్షనరీ తీసినా హెల్ప్ దగ్గర టు-ని బ్రాకెట్లో పెడతారు. ఉన్నా సరే, లేకున్నా సరే అని. టు లేకుండా వాడటం అమెరికాలో ఎక్కువ, బ్రిటన్లోనూ మామూలే. రెండూ ఒప్పయిన చోట ‘తప్పు పట్టుకో’ అనడమే తప్పు ప్రశ్న.

ప్లేనో_పద్మక్క:
ఇక్కడ అమెరికాలో మా ఆఫీసులో ‘హెల్ప్ మి టు’ అనేవాళ్ళు అరుదు. అంటే ఎవరూ తప్పుగా అనుకోరు, కాస్త పద్ధతిగా మాట్లాడుతున్నారు అనుకుంటారంతే. దీనికింత గొడవెందుకో నాకర్థం కాలేదు. చెవికి గుచ్చుకునేది ఇంకోటుంది: ‘హి మేడ్ మి టు వెయిట్’, ‘లెట్ మి టు చెక్’. మన తెలుగువాళ్ళ కాల్స్‌లో రోజూ వింటా. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో మాట్లాడితే ఇదే వస్తుంది.

ఇఫ్లూ_క్యాంటీన్:
అక్కా, ప్రతి తప్పూ తెలుగు నెత్తిన రుద్దకండి. ‘నన్ను చూడనివ్వు’, ‘వాణ్ణి పోనివ్వు’ అంటాం. ‘చూడన్’, ‘పోన్’ అనేవి మన తుమున్నర్థకాలే, అంటే తెలుగు ఇన్ఫినిటివ్‌లు. వాటి పక్కన టు లాంటిది ఏదైనా ఉందా? లెట్ ఎలా నడుస్తుందో ఇవ్వు కూడా అచ్చం అలాగే నడుస్తోంది. ‘లెట్ మి టు చెక్’ రావడానికి వాంట్, ఆస్క్, టెల్, అలౌ లాంటివన్నీ టు-తో వస్తుంటే ఇదీ అంతేలే అనుకోవడం చాలు.

మేక్ సంగతైతే ఇంకా తమాషా. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో 23వ కీర్తన చూడండి: ‘హి మేకెత్ మి టు లై డౌన్ ఇన్ గ్రీన్ పాశ్చర్స్’. మేక్ పక్కన టు దర్జాగా కూర్చుంది. అప్పట్లో అది మంచి ఇంగ్లీషే. తర్వాత వాడుకలో ఆ టు రాలిపోయింది, కానీ ప్యాసివ్‌లో రాలలేదు. ‘ఐ వాజ్ మేడ్ టు వెయిట్’ అనాల్సిందే. సీ, హియర్ కూడా అంతే: ‘ఐ సా హిమ్ ఎంటర్’, కానీ ‘హి వాజ్ సీన్ టు ఎంటర్’. ఏడు పేర్ల లిస్టు బట్టీ పట్టినవాడు ఇక్కడే బోల్తా పడతాడు.

పాత_మాస్టారు:
జేమ్స్ రాజు కాలం ఇంగ్లీషు రాస్తే బ్యాంకు ఉద్యోగం ఇస్తారా? మీరు చెప్పేదంతా బాగుంది, కానీ లక్షల మంది రాసే పరీక్షలో దేనికైనా ఒకే జవాబుండాలి. ఇదీ ఒప్పే అదీ ఒప్పే అంటే పల్లెటూరి పిల్లవాడు దేన్ని పట్టుకోవాలి? లిస్టు వాడికి ఊతకర్ర. అది లాగేసి మీ వాడుక చేతికిస్తే వాడు నిలబడలేడు.

ఇఫ్లూ_క్యాంటీన్:
మీ బాధ న్యాయమైనదే మాస్టారూ. కానీ ఒకే జవాబున్న ప్రశ్నలు కావాలంటే ఇంగ్లీషులో కరువా? మనవాళ్ళు నిజంగా తడబడే చోటు ఒకటి చూడండి. ‘డాక్టర్ రెస్ట్ తీసుకోమని చెప్పాడు, తీసుకోమని సలహా ఇచ్చాడు, తీసుకోమని సూచించాడు’. మనకి మూడింటికీ ఒకటే ‘మని’. ఇంగ్లీషులో టెల్, అడ్వైజ్ రెండూ ‘మి టు టేక్ రెస్ట్’ అంటే ఒప్పుకుంటాయి. సజెస్ట్ ఒప్పుకోదు. ‘సజెస్టెడ్ దట్ ఐ టేక్ రెస్ట్’ అనాలి, లేదా ‘సజెస్టెడ్ టేకింగ్ రెస్ట్’ అనాలి. అర్థం దాదాపు ఒకటే అయినా అమరిక వేరు. ఈ తప్పు మన సెలవు చీటీల్లో కోకొల్లలు (స్పానిష్ వాళ్ళూ చేస్తారు, మనమే కాదు). దీని మీద ప్రశ్న అడగండి, పిల్లవాడికి జీవితాంతం పనికొస్తుంది.

అసలు ఇది అర్థాన్ని బట్టి వచ్చే రూలు కాదు, ఏ క్రియ అలవాటు దానిది. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం డిక్షనరీ రాసిన హార్న్‌బీ అందుకే క్రియల వెనక వచ్చే అమరికలన్నీ 25 నమూనాలుగా విడగొట్టి, 1942లో టోక్యోలో అచ్చయిన తన డిక్షనరీలో క్రియ పక్కనే నంబరు వేశాడు. ఊతకర్ర కావాలంటే పిల్లలకి అది ఇవ్వండి. ఏడు పేర్ల కంటే పెద్దదే, కానీ మధ్యలో విరగదు.

చాయ్_బ్రేక్:
నడిమిట్ల వస్తున్న, ఏమనుకోకుండ్రి. ‘స్టాప్‌డ్ టు డ్రింక్ టీ’, ‘స్టాప్‌డ్ డ్రింకింగ్ టీ’ రెండూ కరెక్టే అని మా సారు చెప్పిండు. గట్లయితే ఏదైనా రాయొచ్చా?

డెస్కులో_రాత్రులు:
రెండూ కరెక్టే కానీ ఒకటి కాదు బ్రదర్. మొదటిది టీ కోసం ఆగావు. రెండోది టీ మానేశావు. ‘రిమెంబర్ టు లాక్’ అంటే తాళం వెయ్యడం మర్చిపోకు, ‘రిమెంబర్ లాకింగ్’ అంటే వేసినట్టు గుర్తుండటం. హెల్ప్‌లో ఇలాంటి తేడా లేదు. టు ఉన్నా లేకున్నా అన్నయ్య మోసింది ఆ లగేజే. సీ కూడా పరీక్షకి మంచి సరుకే: ‘సా హిమ్ క్రాస్ ద రోడ్’ అంటే అవతలికి చేరేదాకా చూశావు, ‘క్రాసింగ్’ అంటే నువ్వు చూసేసరికి నడిరోడ్డు మీద ఉన్నాడు.

ప్లేనో_పద్మక్క:
మరి ‘ట్రై అండ్ కమ్’? ఇక్కడ అందరూ అంటారు. మా నాన్నగారు వింటే ‘ట్రై టు కమ్ అనవే’ అని కసిరేవారు.

డెస్కులో_రాత్రులు:
మాటల్లో హాయిగా అనండి, అది కూడా వందల ఏళ్ళ నాటిదే. కానీ అది ‘ట్రై’ అన్న మూలరూపంతోనే నప్పుతుంది. ‘ట్రైడ్ అండ్ కేమ్’ అంటే ఆ అర్థం పోతుంది. ఉద్యోగం దరఖాస్తులో మాత్రం మీ నాన్నగారి మాటే వినండి.

పాత_మాస్టారు:
హెల్ప్ మీద ప్రశ్న వేయకుండా ఉండాల్సింది, అంతవరకు ఒప్పుకుంటా. వేశాక మాత్రం కీ పుస్తకం ప్రకారమే ఉంటుంది. పిల్లవాడు టు పెట్టి రాస్తే ఎవరూ కొట్టెయ్యరు కదా, అది మంచి దారి.

డెస్కులో_రాత్రులు:
రాసేటప్పుడు టు పెట్టమనండి, నాకు పేచీ లేదు. టు లేని వాక్యాన్ని తప్పు అనమంటేనే పేచీ. ఆశావహుడూ, ఊరికే వాదించకు. రెండు డిక్షనరీల్లో హెల్ప్ ఉన్న పేజీ ఫోటో తీసి, బ్రాకెట్లో ఉన్న టు కింద గీత గీసి మెయిల్ పెట్టు.

బ్యాంకు_ఆశావహుడు:
థాంక్స్ సార్, అందరికీ. పెడుతున్నా. ప్యాసివ్ సంగతి చదివాక పాత మాక్‌లన్నీ తిరగేశా. ఒకదాంట్లో ‘ద కస్టమర్స్ వర్ మేడ్ వెయిట్ ఫర్ యాన్ అవర్’ అన్న వాక్యానికి నో ఎర్రర్ అని కీ ఇచ్చారు. మేక్ లిస్టులో ఉంది కదా, అందుకని. అది కూడా అదే మెయిల్లో కలిపేశా.