గోపాలపూర్ గాలికి కారిపోని క్రీము ఏది? గుడ్డు లేని రెండంతస్తుల కేకుకు సలహా కావాలి

గంజాం కోడలు:

మాది బరంపురం. నా నేస్తం పెళ్లయి పాతికేళ్లు నిండుతున్నాయి. జూన్‌లో రజ పండుగ వెళ్లగానే వచ్చే గురువారం సాయంత్రం గోపాలపూర్‌లో, సముద్రానికి ఎదురుగా, ఆరుబయట విందు. కేకు నేనే చేస్తానని నన్ను అడగకుండానే ఆమె ఊరంతా చెప్పేసింది. సరేలే అనుకున్నాను. ఆ తర్వాత మొదలయ్యాయి కోరికలు.

గురువారం లక్ష్మీదేవి వారం కాబట్టి ఆమె ఒడియా అత్తవారింట్లో ఆ రోజు గుడ్డు ముట్టరు. నలభై మంది వస్తారు కాబట్టి రెండంతస్తులు ఉండాలి. అన్నిటికీ మించి, ఆమె పెళ్లిచీర బరంపురం పట్టు. గుడి శిఖరాల్లా మొనదేలిన ఆ కుంభం అంచు ముదురు ఎరుపులో కేకు చుట్టూ తిరగాలట! చీర ఫొటో కూడా పంపింది, పోగు పోగూ లెక్కపెట్టుకునేంత దగ్గరగా తీసి.

నా ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) ఒకసారికి ఒక్క గిన్నే పడుతుంది. రెండో గిన్నె పిండి తన వంతు వచ్చేలోగా చప్పబడిపోయి, కేకు అట్టలా దిగుతోంది. మొదటిది మధ్యలో గోపురంలా లేచి పగులుతోంది. వెన్న క్రీము పూస్తే ఫ్యాను కింద కూడా జారిపోతోంది. వీడియోలవాళ్లు చలిదేశాల వంటగదుల్లో నిలబడి ‘గది ఉష్ణోగ్రతలో ఉన్న వెన్న’ అంటారు. మా గది ఉష్ణోగ్రతలో వెన్న గిన్నెలో ఈదుతుంది. ఎరుపు రంగు ఎంత కలిపినా గులాబీ దగ్గరే ఆగుతోంది, ఇంకా కలిపితే చేదు.

ఈ ఊరి ఉక్కపోతలో కేకులు చేసినవాళ్లు చెప్పండి. ‘కొనేయండి’ అనే సలహా మా ఇంట్లోనే ఉచితంగా దొరుకుతోంది, అది వద్దు.

కొండమీద బేకరీ:

ఇప్పుడు కోరాపుట్‌లో ఉంటున్నాను కానీ ఈ పని నేర్చింది మీ బరంపురం ఉక్కలోనే. ముందు పిండి సంగతి. పెరుగు, సోడా కలిసిన క్షణం నుంచే గాలి పుట్టి బయటికి పోతుంటుంది. గిన్నె వరుసలో నిలబడితే పొంగాల్సిన గాలి అంతా అయిపోతుంది. అందుకే రెండు గిన్నెల పిండి ఒకేసారి కలపవద్దు. పొడివి జల్లించి విడిగా ఉంచుకోండి, మొదటి గిన్నె బయటికి తీశాకే రెండోదాని పెరుగులో సోడా వేయండి.

నా కొలత ఇది. ఒక కప్పు పెరుగు, ముప్పావు కప్పు చక్కెర బాగా కలిపి, ఒకటింపావు చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా సోడా వేసి అయిదు నిమిషాలు వదలండి. నురగ కట్టాక అర కప్పు నూనె, వెనీలా, చివర ఒకటిన్నర కప్పు మైదా. 8 అంగుళాల గిన్నెకు ఒక పొర వస్తుంది. పై అంతస్తు 6 అంగుళాల గిన్నెలో చేస్తే ఇందులో సగానికి కాస్త ఎక్కువ చాలు. గోపురం లేవడానికి కారణం అంచులు ముందు గట్టిపడి, మధ్య భాగం తర్వాత ఉబకడం. వేడి 180 నుంచి 160కి తగ్గించి, తడిపి పిండిన బట్టపట్టీని గిన్నె చుట్టూ కట్టండి, సమంగా లేస్తుంది. కరెంటు పోతుందన్న భయం ఉంటే కుక్కరు సిద్ధంగా పెట్టుకోండి. రబ్బరు, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, స్టాండు మీద గిన్నె ఉంచాలి.

వెన్న క్రీము మాట మరిచిపోండి. వెన్న కరిగే వేడికీ జూన్ సాయంత్రానికీ పెద్ద తేడా లేదు. గనాష్, అంటే క్రీములో కరిగించిన చాక్లెట్, పూయండి. నల్ల చాక్లెట్ అయితే రెండు వంతులకు ఒక వంతు క్రీము, తెల్లదైతే మూడు వంతులకు ఒకటి, ఆ ఎండల్లో చాక్లెట్ ఇంకాస్త ఎక్కువే. కాంపౌండ్ చాక్లెట్ రుచిలో తక్కువే, ఒప్పుకుంటాను. కానీ అందులో కోకో వెన్నకు బదులు వేరే కొవ్వు ఉంటుంది కాబట్టి మీ గాలికి కాస్త ఓర్చుకుంటుంది.

అంచుకు కేకు మీద చేయి పెట్టకండి. చీర ఫొటోను కేకు చుట్టుకొలతకు పెద్దది చేసి ముద్రించి, పైన బటర్ పేపర్ పరచండి. కరిగించిన కాంపౌండ్‌తో కుంభాలు గీసి, సగం గట్టిపడగానే పేపరుతో సహా కేకుకు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. తర్వాత పేపరు ఒలిచేయవచ్చు. ఎరుపుకు నూనెలో కలిసే రంగే వాడాలి, నీటి రంగు పడితే చాక్లెట్ ముద్దకట్టి చస్తుంది. కలిపిన వెంటనే చూసి ఇంకా పోయకండి, రాత్రికి రంగు తనంతట తానే ముదురుతుంది.

గుణుపురం మాస్టారు:

అమ్మా, ఇంత యుద్ధం ఎందుకు? రజ నాలుగు రోజుల ముందే కదా, ఇంటింటా పోడపిఠా అనే కాల్చిన పిండివంట వాసన. ఒడిశాలో ఉంటూ ఛెనాపోడ ఉండగా గనాష్ ఏమిటి? విరిచిన పాల ఛెనా, చక్కెర, కాస్త బొంబాయి రవ్వ, యాలకులు, జీడిపప్పు కలిపి, సాల ఆకులు పరిచిన గిన్నెలో ఎర్రగా కాల్చితే చాలు. గుడ్డు గొడవ లేదు, కారే క్రీమూ లేదు. దాని మాడురంగే దాని అలంకారం. అత్తవారు కూడా మెచ్చుకుంటారు.

కొండమీద బేకరీ:

మాస్టారూ, ఛెనాపోడను నేనూ వదలను. కానీ దాని మీద రెండో అంతస్తు పెడితే కింది అంతస్తు నేలకు అంటుకుంటుంది. పక్కన ఒక పళ్లెంలో పెట్టుకోవచ్చు.

గంజాం కోడలు:

మాస్టారూ, పక్కపళ్లెం ఖాయం. ఆ ఒక్కటైనా నా ఓటీజీ ఏడవకుండా చేస్తుంది. అక్కా, బటర్ పేపర్ సంగతి వినగానే ప్రాణం లేచివచ్చింది. ఇక మిగిలింది ప్రయాణం. బరంపురం నుంచి గోపాలపూర్ పదహారు కిలోమీటర్ల దాకా ఉంటుంది, దారిలో స్పీడ్ బ్రేకర్లు ఎన్నో మీకు తెలియనిది కాదు.

ఛత్రపురం డెలివరీ:

అంతస్తులు విడివిడిగా తీసుకువెళ్లండి, అక్కడే ఒకదానిపై ఒకటి పెట్టండి. కింది కేకులో నాలుగైదు లావుపాటి స్ట్రాలు దాని ఎత్తుకు సమంగా కత్తిరించి గుచ్చాలి. పై కేకు తన అట్టతో సహా వాటి మీద కూర్చుంటుంది. డబ్బా సీటు మీద వద్దు, సీటు వాలుగా ఉంటుంది. కారు ముందు సీటు దగ్గర కాళ్లు పెట్టుకునే నేల మీద పెట్టి ఏసీ వేయండి. చేరగానే మూత తీయకండి. ఫ్రిజ్ చల్లదనం మీద ఉప్పుగాలి తగిలితే కేకుకు చెమట పడుతుంది, ఎరుపు కారి తెల్ల గనాష్ మీదికి దిగవచ్చు. మూసి ఉంచితే ఆ చెమట డబ్బాకే పడుతుంది.

ఇంకొకటి, మీ నేస్తానికి ఇప్పుడే చెప్పండి. కేకు కోసేది ప్రసంగాలకు ముందే, అదీ గోడ చాటున. ఆ గాలికి కొవ్వొత్తి ఎలాగూ నిలవదు కాబట్టి దాన్ని వెలిగించే కార్యక్రమమే పెట్టుకోవద్దనండి.