పరాసుపేటలో ‘పరాసు’ ఎవరు?

మొన్న బందరు పేటల పేర్ల మీద చర్చ నడుస్తుంటే ఒక మిత్రులు పరాసుపేట అంటే చచ్చినవాళ్ళ పేట అని, 1864 నవంబరు ఉప్పెనలో అక్కడ శవాలు గుట్టలు పడ్డాయి కాబట్టి ఆ పేరు వచ్చిందని రాశారు. దానికి చాలామంది అవునన్నారు కూడా. అక్కడ వ్యాఖ్యగా రాద్దామని మొదలుపెడితే పెద్దదైపోయింది, అందుకే విడిగా పెడుతున్నాను.

ఆయన చెప్పినదాంట్లో సగం నిజమేనండి. సంస్కృతంలో పరాసువు అంటే ప్రాణం పోయినవాడే. అసువులు అంటే ప్రాణాలు, గతాసువు అన్నట్టే పరాసువు. అమరకోశంలో చచ్చినవాడికి చెప్పిన పర్యాయపదాల వరుస ‘పరాసు’తోనే మొదలవుతుంది. ఆ ఉప్పెన కూడా నిజమే, బందరులో ముప్పై వేల మంది దాకా పోయారని లెక్క. కానీ ఊళ్ళో జనం పేటకు పేరు పెట్టేటప్పుడు అమరకోశం తెరిచి పెట్టరు. పైగా పక్కనున్న పేర్లు చూడండి: వలందపాలెం, ఇంగ్లీషుపాలెం. వలందా అంటే డచ్చివాళ్ళు. ఇంగ్లీషుకు అర్థం చెప్పక్కర్లేదు. ఆ రెంటి సరసన మూడోది పరాసుపేట, అంటే ఫ్రెంచివాళ్ళ పేట. మూడు దేశాల ఓడలు ఒకే రేవుకు వచ్చి, మూడు చోట్ల గిడ్డంగులు కట్టుకుంటే మిగిలిన పేర్లివి.

ఇక మాట సంగతి. ఫ్రాన్సువాళ్ళను హిందుస్తానీలో ఫరాసీస్ అనేవారు. ‘ఫ్రా’ అనే జంట విడిపోయి ‘ఫరా’ అయింది, ఆ ఫకారం మన నోట్లో పకారమైంది, చివర మన ఉకారం చేరింది. ఫరాసు, పరాసు, పరాసువారు అని పాత రాతల్లో కనిపించేది ఇదే. నాకు భలే నచ్చే విషయం ఇంకొకటుంది. ఫిరంగి అనే మాట కూడా ఈ కుటుంబంలోదే. పశ్చిమ యూరపువాళ్ళందరినీ ఒకప్పుడు పర్షియన్ మాట్లాడేవాళ్ళు ‘ఫ్రాంకు’ అనే జాతి పేరుతో ఫరంగీ అన్నారు, ఫ్రాన్సు అనే పేరూ ఆ ఫ్రాంకుల నుంచి వచ్చిందే. ఒకే మూలం రెండు దారుల్లో మన దాకా వచ్చి, ఒకటి మనుషుల పేరుగా మిగిలింది, రెండోది వాళ్ళు తెచ్చిన ఆయుధం పేరైంది. పోర్చుగీసువాళ్ళను మనం అన్న బుడతకీచు మాటనూ గమనించండి. పోర్చుగల్లో ఆ పేరును ‘పుర్తుగేష్’ లాగా పలుకుతారు, మన ‘కీచు’లోని చకారం ఆ పలుకుబడి నుంచే వచ్చిందని నా నమ్మకం.

ఈ పరాసువారు గోల్కొండ సుల్తాను ఫర్మానాతో 1669లో బందరు చేరారు. ఇంగ్లీషువాళ్ళు అప్పటికే 1611 నుంచి ఉన్నారు, డచ్చివాళ్ళు ఇంకా ముందు. మొదట అందరికీ కావలసింది మన అద్దకం బట్టలే. 1750కల్లా కథ మారింది, ఆ ఏడు బందరు పరాసుల చేతికొచ్చింది. 1753లో తన సైన్యం జీతాల కింద ఉత్తర సర్కార్లను, అంటే మన కోస్తా జిల్లాలను, పరాసు సేనాని బుస్సీ నిజాం సలాబత్ జంగ్ దగ్గర రాయించుకున్నాడు. బొబ్బిలి కథ విన్నవాళ్ళకు మూసేబూసీ గుర్తుండే ఉంటాడు, ఆ ‘మూసే’ అంటే మొస్యే, మనం దొరగారు అన్నట్టు. హైదరాబాదు మూసారాంబాగ్‌లో మూసా కూడా ఆ మొస్యేనే, నిజాం కొలువులో పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ దొర పేరు మీద వచ్చింది. మూసీ నదికీ దీనికీ సంబంధం లేదు.

మరి శ్రీకాకుళం నుంచి కొండపల్లి దాకా ఏలినవాళ్ళు బందరులో ఒక పేట పేరుగా ఎలా మిగిలారు? అందరూ ఇంగ్లీషువాళ్ళ చేతిలో పరాసులు ఓడిన చందుర్తి యుద్ధం అంటారు, సరే, కానీ నా దృష్టిలో అసలు సంగతి సముద్రంలో ఉంది. 1758లో పరాసుల పెద్ద సేనాని లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నాడు. అదే ఏడాది పరాసు నౌకాదళపతి డాషే ఇంగ్లీషు పోకాక్‌తో కడలూరు దగ్గరా, నాగపట్నం దగ్గరా రెండుసార్లు తలపడి, తేల్చుకోలేక సెప్టెంబరులో మారిషస్‌కు వెళ్ళిపోయాడు. వెళ్ళక ఏం చేస్తాడు? చలికాలం తుపానుల్లో మన తూర్పు తీరాన పెద్ద ఓడలకు తలదాచుకునే చోటు లేదు. ఇంగ్లీషువాళ్ళకు బొంబాయిలో మరమ్మతు రేవు ఉంది, పరాసులకు దగ్గర్లో అలాంటిది ఏదీ లేదు, తెరచాప చిరిగినా స్తంభం విరిగినా అంత సముద్రం దాటి మారిషస్ పోవాల్సిందే. ఈ లోపల ఇంగ్లీషు సేనాని ఫోర్డు కలకత్తా నుంచి ఓడల్లో విశాఖపట్నం వచ్చి దిగాడు. విజయనగరం ఆనంద గజపతి సాయంతో డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో గెలిచి, బందరు కోట ముందుకు వచ్చి కూర్చున్నాడు. లోపల పరాసు సేనాని కాన్‌ఫ్లాన్స్ దగ్గర బయటివాళ్ళకన్నా ఎక్కువ మందే ఉన్నారు. అయినా 1759 ఏప్రిల్ 7 రాత్రి దాడి జరిగితే తెల్లారేసరికి కోట పోయింది. కొద్ది రోజులకే పుదుచ్చేరి నుంచి పరాసుల రెండు ఓడలు మూడు వందల మందితో వచ్చాయి. బందరు ముందు లంగరు వేసి చూస్తే కోట మీద జెండా వేరే. ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు మనసు ఒకలా అయిపోతుంది, ఆ ఓడల్లో వచ్చినవాళ్ళ మీద జాలితో కాదు, మన కోటలూ మన గ్రామాలూ ఎవరివో అని ఎక్కడి ఓడలో వచ్చి తేల్చడం చూసి. డాషే మళ్ళీ ఈ తీరానికి వచ్చింది ఆ సెప్టెంబరులో. అప్పటికి సలాబత్ జంగ్ బందరును ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చేసి నాలుగు నెలలైంది.

తర్వాత ఒప్పందాల్లో వర్తకం కోసం బందరులో కొంత స్థలం పరాసులకు తిరిగి ఇచ్చారు గానీ, 1814 తర్వాత ఎక్కడా కోట కట్టుకోనివ్వలేదు. ఆ కాస్త స్థలం 1947 అక్టోబరులో మన దేశానికి వచ్చేదాకా కాగితాల మీద ఫ్రాన్సుదే. స్వాతంత్ర్యం వచ్చిన రోజే ఇంగ్లీషువాళ్ళకు సెలవు చెప్పాం, బందరులో పరాసుల లెక్క ఆ తర్వాత రెండు నెలలకు గానీ తీరలేదు.

కాబట్టి పరాసుపేటను శవాలతో ముడిపెట్టకండి, దయచేసి. ఉప్పెనలో పోయినవాళ్ళను తలుచుకోవాల్సిందే, అది వేరే విషయం.

బందరువాళ్ళు ఉంటే ఒక్కటి చెప్పండి. మీ తాతలు, అమ్మమ్మలు ఆ పేటను పరాసుపేట అనేవారా, ఫరాసుపేట అనేవారా, ఫ్రెంచిపేట అనేవారా? ఎవరు, ఏ వయసువారు అన్నారో కూడా రాస్తే మాట ఎప్పుడెప్పుడు మారుతూ వచ్చిందో కాస్త అందుతుంది.