నవంబర్ 7 దీపావళి సభ: తిరుపతి నుంచి జూమ్‌లో మాట్లాడే ముగ్గురు, అమెరికాలోని ఎడిసన్ హాల్లో 240 మంది – ఎవరి పని ఏంది?

వక్తల పని (తిరుపతి):
ముగ్గురూ ఒప్పుకున్నారు. శ్రీకాళహస్తి కలంకారీ మేస్త్రి, మామిడి గురించి ఉద్యానశాఖలో రిటైరైన సారు, చంద్రగిరి కోట గురించి చరిత్ర మేడం. తలా 30 నిమిషాలు. ఒక మనవి: “కొంచెం ఇంటరాక్టివ్‌గా చెప్పండి సార్” అని వాళ్లకు ఎవరూ ఫోన్ చేయొద్దు. ఆ మాటకు ఒకరు రెండు జోకులు కలుపుతారు, ఇంకొకరు పదిసార్లు “అర్థమైందా?” అంటారు. మనోళ్లు తలలూపుతారు, అంతే.

దాని బదులు ఒక్కొక్కరి దగ్గర ఒకే ప్రశ్న తీసుకుందాం. జవాబు చెప్పకముందే అడగాల, మూడింట్లో ఒకటి ఎంచుకునేటట్టు ఉండాల, సగం మంది తప్పులో కాలేయాల. మేడం ప్రశ్న సిద్ధం: రాజమహల్ ఫొటో చూపించి, ఈ మూడంతస్తుల మేడలో కలప ఎక్కడ వాడారు? 1. పైకప్పుకి, 2. అంతస్తుల మధ్య, 3. ఎక్కడా లేదు. జవాబు మూడోది, అంతా రాయి, ఇటుక, సున్నమే. మామిడి సారుతో రేపు మాట్లాడతా.

హాలు (ఎడిసన్):
అక్కా, పండగపూట పెద్దోళ్ల చేత తప్పు చెప్పించేది ఏంటికి?

వక్తల పని (తిరుపతి):
తప్పు బయటపడదు అన్నా. జవాబు నోటితో చెప్పరు, 1, 2, 3 అని రాసిన కార్డుల్లో ఒకటి ఎత్తుతారు. ఆ కార్డు గుండెలకి ఆనించి పట్టుకుంటే ముందున్న మనకే కనబడుతుంది. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి వాడుతున్న పద్ధతే ఇది. ఎవరికి వాళ్లు జవాబు ఎంచుకుంటారు. సరైన జవాబు 30 నుంచి 70 శాతం మందికి వస్తే పక్కవాళ్లతో రెండు మూడు నిమిషాలు వాదించుకోనిచ్చి మళ్లీ కార్డులెత్తమంటారు. 70 దాటితే వాదన దండగ, నేరుగా ముందుకు పోవాల. 30 లోపైతే వాదించుకోడానికి తెలిసినోళ్లే లేరు, వక్త ఇంకొంచెం వివరించాల.

ప్రశ్న వేసేది మాత్రం తిరుపతి నుంచి వద్దు. లైన్లో మాట ఆలస్యంగా పోతుంది, ఆ మౌనానికి కంగారుపడి వక్తే జవాబు చెప్పేస్తారు. ఎడిసన్ వేదిక మీదున్న యాంకరే అడిగి, మనసులో పది లెక్కపెట్టి, ఆ తర్వాత “ఎత్తండి” అనాల. పది అంకెలు వేదిక మీద యుగంలా ఉంటాయి, అయినా ఆగాల.

హాలు (ఎడిసన్):
సరే. కెఫెటేరియాలో టేబుల్‌కి 8 మంది, 30 టేబుళ్లు. ఫోన్ పోల్ వద్దు. వైఫై పాస్‌వర్డు చెప్పేటప్పటికే ఐదు నిమిషాలు పోతాయి, అవ్వాతాతలు పక్కన పడిపోతారు. మూడు రంగుల కాగితం, ఒక్కో షీటు నాలుగు ముక్కలు. రంగుకి 60 షీట్లు, చెడిపోయేవాటికి ఇంకో 5. రంగు గుర్తుపట్టలేనివాళ్లూ ఉంటారు కాబట్టి పెద్దగా 1, 2, 3 రాయండి. అ, ఆ, ఇ వద్దు, ఇక్కడ పుట్టిన పిల్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందికి చదవడం రాదు. లెక్కకి 60 మందికి ఒక వాలంటీరు. తలలు లెక్కబెట్టొద్దు, మూడో వంతా, సగమా, అంతకన్నా ఎక్కువా అని వేళ్లతో సైగ చేస్తే చాలు.

టెక్నికల్ (తిరుపతి):
టైము జాగ్రత్త. అక్టోబర్ 24 రిహార్సల్ మీకు పొద్దున 10 అంటే మాకు రాత్రి 7:30. నవంబర్ 1న మీ గడియారం వెనక్కి పోతాది, అందుకని సభ రోజు అదే 10 మాకు 8:30. వక్తలకు మా టైమే రాసి పంపుతా.

సభ మరుసటి రోజే దీపావళి, సభ రాత్రే ఇక్కడ టపాకాయల మోత ఉంటాది. కిటికీలు లేని గది, కాలర్ మైకు, జూమ్‌లో నాయిస్ తగ్గింపు ‘హై’. నవంబర్ వానలకు కరెంటును నమ్మేదానికి లేదు: ఇన్వర్టర్, వేర్వేరు కంపెనీల సిమ్‌లతో రెండు హాట్‌స్పాట్‌లు, అన్నీ పోతే చూపించేదానికి మేస్త్రి ప్రదర్శన వీడియో ముందే మీ ల్యాప్‌టాప్‌లో. ఆయన చేతుల మీదికి ఫోన్ స్టాండుకి బిగించి, ఆ కెమెరాని స్పాట్‌లైట్ చేయండి. లేకపోతే హాల్లో ఎవరు దగ్గినా తెర మీదికి వాళ్లే వస్తారు. వక్త మాట్లాడేటప్పుడు హాలు మైకు మ్యూట్.

స్లైడ్లు పీడీఎఫ్‌లోనే పంపుతా. అను అనే తెలుగు ఫాంట్‌లో టైపు చేసింది మీ మిషన్లో పిచ్చి గీతలైపోతాది. స్లైడుకి ఒక బొమ్మ, ఒక వాక్యం. తెర మీదున్నదే పైకి చదివితే జనం వినరు, వక్త కంటే ముందే చదివేసి కూర్చుంటారు.

పిల్లల డెస్కు (ఎడిసన్):
మేస్త్రి ప్రశ్న, అదే ఏ గుడ్డ నల్లబడుతుందన్నది, మేం టేబుళ్ల మీదే చేయించొచ్చా?

వక్తల పని (తిరుపతి):
చేయించొచ్చమ్మా, మూడిట్లో బలమైంది అదే. ఇనుము, బెల్లం నానబెట్టిన నీళ్లు మామూలు గుడ్డ మీద పాలిపోయినట్టు ఉంటాయి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద నల్లబడతాయి. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి నలుపవుతుంది. మీకు బెల్లం నీళ్లు ఊరేంత టైము లేదు, కాబట్టి ఇట్ల చేయండి. లీటరు తెల్ల వినిగర్‌లో మూడు ఇనుప పీచు ఉండలు మూడు రోజులు. స్టెయిన్‌లెస్ పీచు కరగదు, సబ్బు కలిపిన పీచు వద్దు. లోపల గ్యాసు పుడుతుంది, మూత వదులుగా ఉంచండి. ఆఖర్న కాఫీ ఫిల్టరులో వడగట్టండి. కరక్కాయ బదులు టీ: 2 లీటర్ల నీళ్లకి 100 గ్రాముల పొడి, బాగా మరిగించి, చల్లారినాక 30 నూలు గుడ్డ ముక్కలు రాత్రంతా ముంచి ఆరబెట్టండి. ముందుగా గంజి పోయేదాకా ఉతకాల, గంజి ఉంటే మచ్చలు మచ్చలుగా పడతాది. ఇంకో 30 తెల్లగానే ఉంచండి.

టేబుల్‌కి రెండు గుడ్డలు, రెండు కుంచెలు, 20 మిల్లీలీటర్ల ఇనుప నీళ్లు. “ఏ గుడ్డ నల్లబడుతుంది? 1. తెల్లది, 2. టీ గుడ్డ, 3. రెండూ” అని కార్డులెత్తించాకే కుంచె పట్టనివ్వండి. ముందు కుంచె ఇస్తే ఆలోచించేవాళ్లుండరు. టీకి బూడిద నలుపే వస్తుంది; తెర మీద మేస్త్రి గుడ్డ కారునలుపు చూసి ‘తేడా ఏంటికి?’ అని వాళ్లే అడుగుతారు.

హాలు (ఎడిసన్):
పట్టుచీరలు! ఆ మరక పోదు.

పిల్లల డెస్కు (ఎడిసన్):
టేబుల్ మీద రెండు పొరల పేపర్, పిల్లలకు ఏప్రాన్. గ్లాసు మీద ‘తాగొద్దు’ అని రెండు భాషల్లో రాస్తా. వినిగర్ వాసన, భోజనం వైపు పెట్టను.

వక్తల పని (తిరుపతి):
ఆఖరి 3 నిమిషాలు శాలువాకి కాదు, కార్డు వెనక రాతకి. ఏమీ చూడకుండా గుర్తున్న రెండు విషయాలు రాయాల, చేతనైన భాషలో. 2006లో రోడిగర్, కార్పికే అనే సైకాలజిస్టులు చేసిన పరీక్షలో ఐదు నిమిషాలకు తిరిగి చదివినవాళ్లే ముందున్నారు, వారానికి మాత్రం చూడకుండా గుర్తు తెచ్చుకున్నవాళ్లదే పైచేయి. శాలువాలు ముగ్గురివీ కలిపి భోజనానికి ముందు ఒకేసారి.

“ప్రశ్నలేమైనా ఉన్నాయా?” అని మైకు తిప్పొద్దన్నా. మైకు దొరికినాయన ఉపన్యాసం మొదలుపెడతాడు. టేబుల్‌కి ఒక చీటీ, యాంకర్ నాలుగు చదివితే చాలు.

హాలు (ఎడిసన్):
చీటీలు సరే. అధ్యక్షుడి స్వాగతం 15 నిమిషాలని రాసుంది, దాన్ని 4 చేయమని ఆయనకు ఎవరు చెప్తారు?

టెక్నికల్ (తిరుపతి):
అక్కే చెప్పాల.