వరంగల్‌లో బ్యూటీషియన్ కోర్సు: ‘గవర్నమెంట్ లైసెన్స్’ అని 65 వేలు అడుగుతున్నారు, కట్టాలా?

హన్మకొండ_బీకాం (ప్రశ్న)

అందరికీ నమస్తే. నేను బీకాం చివరి సెమిస్టర్. అకౌంట్స్ మీద నాకు మనసు లేదు, మొదటి నుంచీ స్కిన్ కేర్ పిచ్చే. బతుకమ్మ వచ్చిందంటే మా వాడకట్టులో ఆడపిల్లలందరూ థ్రెడింగ్‌కు మా ఇంటి ముందే కూర్చుంటారు, పోయిన మాఘంలో మా చిన్నమ్మ బిడ్డ పెళ్లికి మేకప్ కూడా నేనే చేశాను, ఫోటోల్లో బాగానే వచ్చింది (కొంచెం తెల్లగా వేశానేమో అని ఇప్పుడు అనిపిస్తోంది).

డిగ్రీ అయ్యాక దీంట్లోకే వెళ్దామని ఒక ఇన్‌స్టిట్యూట్‌లో అడిగాను. 3 నెలల కోర్సు 65 వేలు, చివర్లో ‘గవర్నమెంట్ లైసెన్స్’ ఇస్తారట, అది లేకపోతే రేపు పార్లర్ పెట్టనివ్వరట, ఫైన్ వేస్తారట. శుక్రవారం లోపు కడితే 10 వేలు తగ్గిస్తామన్నారు. బాపు మార్కెట్లో అడ్తి దుకాణంలో గుమాస్తా, చిట్టి ఎత్తి అయినా కడతానంటున్నాడు. అందుకే ఇంకా టెన్షన్.

ఆ లైసెన్స్ నిజంగా ఉంటుందా? మా అక్క డల్లాస్‌లో ఉంది, ఇక్కడ నేర్చుకుని వస్తే అక్కడ చేసుకోవచ్చు అంటుంది, అది కుదురుతుందా? ఫ్రెండ్ ఒకామె మాత్రం పార్లర్ వద్దు, స్కిన్ క్లినిక్‌లో లేజర్ నేర్చుకో, జీతం ఎక్కువ అంటోంది. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కిషన్‌పుర_పార్లర్_అక్క

ఆగు చెల్లె, ముందు ఆ శుక్రవారాన్ని దాటిపోనీ. వాళ్ల తగ్గింపు ఎక్కడికీ పోదు, వచ్చే శుక్రవారం కూడా ఉంటుంది, నేను రాసిస్తా.

మన దగ్గర బ్యూటీషియన్ అనే మనిషికి డాక్టర్‌కు ఉన్నట్టు లైసెన్స్ అనేదే లేదు. ఉన్నవన్నీ సర్టిఫికెట్లు. దుకాణానికి మాత్రం కాగితాలు కావాలి: మన గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ నుంచి ట్రేడ్ లైసెన్స్, లేబర్ డిపార్ట్‌మెంట్‌లో షాప్స్ రిజిస్ట్రేషన్. అవి షాపుకు ఇచ్చేవి, నువ్వు ఏ కోర్సు చేశావని ఆ కౌంటర్‌లో నన్ను ఎవరూ అడగలేదు. వాళ్లు నీతో ఆడుకుంటున్నది ఆ ‘లైసెన్స్’ అనే ఒక్క మాట మీదే. ఇంట్లో ముందు గదిలో పెట్టుకున్నా కరెంటు మీటర్ సంగతి చూసుకో, ఇంటి మీటర్ మీద పార్లర్ నడిపితే కరెంటోళ్లు వచ్చి కమర్షియల్ కేటగిరీకి మారుస్తారు, పాత బకాయి కూడా వేస్తారు, మా పక్క గల్లీలో అయింది. జీఎస్టీ గురించి ఇప్పుడే భయపడకు, ఏడాదికి 20 లక్షల పైన అయితేనే రిజిస్ట్రేషన్. 2025 సెప్టెంబర్ 22 నుంచి పార్లర్ సర్వీసుల మీద పన్ను కూడా 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది.

ఇంకోటి. బోర్డు మీద ‘ఐఎస్ఓ 9001’, ‘ఎంఎస్ఎంఈ రిజిస్టర్డ్’ అని ఉంటే దాన్ని గవర్నమెంట్ గుర్తింపు అనుకోకు. ఐఎస్ఓ అంటే పని పద్ధతికి ప్రైవేట్ సంస్థలు ఇచ్చే క్వాలిటీ సర్టిఫికెట్, అంతే. ఎంఎస్ఎంఈ అంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ఆధార్, పాన్ ఉంటే నువ్వే ఇంట్లో కూర్చుని ఫ్రీగా చేసుకోవచ్చు, నా పార్లర్‌కు కూడా ఉంది, అంతమాత్రాన నేను యూనివర్సిటీని అయిపోయానా?

ఇక నేర్చుకునే సంగతి. నేను 2011లో ఒక పెద్ద పార్లర్‌లో చేరాను, మొదటి రెండు నెలలు టవల్స్ ఉతకడం, వ్యాక్స్ హీటర్ తుడవడం, అంతే. ఏడుపొచ్చేది. మూడో నెలలో చెయ్యి పెట్టనిచ్చారు. ఒకామె అప్పర్ లిప్ వ్యాక్స్‌కు వచ్చింది, వ్యాక్స్ వేడి కరెక్టే, మణికట్టు మీద చూసుకునే వేశాను, స్ట్రిప్ లాగితే వెంట్రుకలతో పాటు పెదవి పైన చిన్న వేలి గోరంత చర్మం లేచి వచ్చింది. లోపల ఎర్రగా, తడిగా. ఆమె కేకకు పక్క కుర్చీలో హెన్నా పెట్టుకున్నామె లేచి నిలబడింది. తర్వాత తెలిసింది, ఆమె మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతోంది. ఆ మాత్రలు వాడుతున్నప్పుడు, ఆపాక కూడా ఓ 6 నెలల దాకా వ్యాక్స్ చెయ్యకూడదు. నన్ను ‘ఏం మాత్రలు వాడుతున్నారు’ అని అడగమని ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు నా దగ్గర కుర్చీలో కూర్చున్న ప్రతి ఒక్కరినీ మొదట అదే అడుగుతా, కొందరు చిరాకు పడతారు, పడనీ.

కాబట్టి ఇన్‌స్టిట్యూట్ చూడటానికి పోయినప్పుడు ఏసీ, అద్దాలు చూడకు. ఒక బ్యాచ్‌లో ఎంతమంది, ఒక్కొక్కరికి ఎంతమంది మోడల్స్ మీద చెయ్యనిస్తారు, ఆ మోడల్స్‌ను వాళ్లు తెస్తారా నువ్వే మీ చుట్టాలను పట్టుకురావాలా, కిట్ ఫీజులో ఉందా వేరేనా, ఇవి అడుగు. డమ్మీ తల మీద మూడు నెలలు చేసి వచ్చిన అమ్మాయిలు నా దగ్గరికి ఉద్యోగానికి వస్తారు, మనిషి మొహం ముట్టుకోవాలంటే చెయ్యి వణుకుతుంది పాపం.

ఐటీఐ_మాష్టారు

పై అక్క చెప్పింది కరెక్టు. 65 వేలు పెట్టే ముందు ఐటీఐ వైపు ఒకసారి చూడమ్మా. కాస్మెటాలజీ అని ఏడాది ట్రేడ్ ఉంది, పది పాస్ చాలు, డిగ్రీ చేసినవాళ్లూ చేరుతున్నారు. చివర్లో ఆలిండియా ట్రేడ్ టెస్ట్ రాసి పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. అది కేంద్ర స్కిల్ మంత్రిత్వ శాఖ కింద ఉన్న డీజీటీ ఇచ్చే కాగితం, ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. తర్వాత సీఐటీఎస్ అని ఇన్‌స్ట్రక్టర్ కోర్సు చేస్తే టీచింగ్ వైపు కూడా పోవచ్చు. అడ్మిషన్లు ఎండాకాలంలో పది ఫలితాల తర్వాత మొదలవుతాయి, ప్రతి ఐటీఐలో ఈ ట్రేడ్ ఉండదు, నోటిఫికేషన్‌లో చూసుకుని అప్లై చెయ్యి.

ఏడాది ఆగలేను అంటే పీఎంకేవీవై (కేంద్రం వాళ్ల స్కిల్ ట్రైనింగ్ స్కీము) లాంటి స్కీముల కింద బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వాళ్ల ‘అసిస్టెంట్ బ్యూటీ థెరపిస్ట్’, ‘బ్యూటీ థెరపిస్ట్’ అని కోర్సులున్నాయి. ప్రైవేట్ సెంటర్ ఏదైనా ‘గవర్నమెంట్ సర్టిఫికెట్’ అంటే ఒకటే ప్రశ్న అడుగు: ‘సర్టిఫికెట్ మీద ఎన్‌సీవీఈటీ ముద్ర, ఎన్ఎస్‌క్యూఎఫ్ లెవెల్ ఉంటాయా? పోయిన బ్యాచ్‌ది ఒకటి చూపించండి’. (ఎన్‌సీవీఈటీ అంటే స్కిల్ కోర్సులను చూసుకునే కేంద్ర సంస్థ, ఎన్ఎస్‌క్యూఎఫ్ అంటే ఆ కోర్సుల స్థాయి చెప్పే లెక్క.) చూపించకపోతే నీకు సమాధానం దొరికినట్టే.

ఊర్లలో ఉన్నవాళ్లకు ఆర్‌సెటీలో (బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి ట్రైనింగ్ సెంటర్) బ్యూటీ పార్లర్ మేనేజ్‌మెంట్ అని ఫ్రీ కోర్సు ఉంటుంది, భోజనం, వసతితో. నెల చిల్లర రోజుల్లో ఎక్స్‌పర్ట్ అయిపోరు, కానీ బ్యాంకు లోన్ దగ్గర ఆ ట్రైనింగ్ పనికొస్తుంది. ముద్ర అనే చిన్న వ్యాపారాల లోన్‌లో శిశు కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు ఇస్తారు. నీ 65 వేలు ఫీజుకు పోకుండా ఉంటే రేపు రెండు కుర్చీలు, ఒక ఫేషియల్ బెడ్, స్టీమర్ వస్తాయి. ఆలోచించు.

ఫ్రిస్కో_నుంచి_వదిన

డల్లాస్ గురించి అడిగావు కాబట్టి నేను చెప్తా, నాది హన్మకొండ నక్కలగుట్టే. ఇక్కడ పద్ధతి పూర్తిగా వేరు. ఇక్కడ నిజంగానే మనిషికి లైసెన్స్ ఉంటుంది, అదీ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. డల్లాస్ ఉన్న టెక్సస్‌లో ఎస్తెటీషియన్ (ఫేషియల్, స్కిన్ కేర్ చేసే మనిషి) లైసెన్స్‌కు గుర్తింపు ఉన్న స్కూల్‌లో 750 గంటలు చెయ్యాలి, తర్వాత పరీక్ష, రెండేళ్లకోసారి రెన్యువల్. కాలిఫోర్నియాలో 600 గంటలు, జార్జియాలో 1000. హన్మకొండలో మూడు నెలల కోర్సు కాగితం తెచ్చి ఇక్కడ ఫేషియల్ బెడ్ దగ్గర నిలబడతానంటే కుదరదమ్మా, మీ అక్క ప్రేమతో చెప్పి ఉంటుంది.

ఒక్క థ్రెడింగ్ మాత్రం ఇక్కడ స్పెషల్ కథ. ఇంతకుముందు దారంతో కనుబొమ్మలు తీసేవాళ్లకు కూడా అదే 750 గంటల లైసెన్స్ ఉండాలని ఫైన్లు వేసేవాళ్లు, ఆ 750 గంటల్లో థ్రెడింగ్ నేర్పాలనే రూలు కూడా లేదు అప్పట్లో! పటేల్ అనే ఆయనా, ఇంకొందరు మనవాళ్లూ కోర్టుకెక్కారు, 2015లో టెక్సస్ సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లదని కొట్టేసింది. మాల్‌లో థ్రెడింగ్ కుర్చీ చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

ఇంకా ముఖ్యం వీసా. రేపు పెళ్లై హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి భార్యకు లేదా భర్తకు ఇచ్చే వీసా) మీద వస్తే చదువుకోవచ్చు కానీ ఈఏడీ అనే పని అనుమతి కార్డు లేకుండా డబ్బుకు పని చెయ్యకూడదు, ఇంట్లో తెలిసినవాళ్లకు మేకప్ చేసి డబ్బులు తీసుకున్నా అదే లెక్క. అమెరికా కోసమని అక్కడ 65 వేలు పెట్టకు. అక్కడ చెయ్యి కుదిరితే చాలు.

క్లినిక్‌లో_మూడేళ్లు

లేజర్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి. నేను ఒక స్కిన్ క్లినిక్‌లో థెరపిస్ట్‌గా చేశాను, పేరు వద్దు. జీతం పార్లర్ కంటే ఎక్కువే, నిజం. కానీ డాక్టర్ వారానికి రెండు రోజులు వచ్చేవారు, మిగతా రోజుల్లో పీల్స్ (చర్మం పై పొర తీయడానికి పూసే యాసిడ్) నన్నే వెయ్యమనేవాళ్లు. జనగామ నుంచి ఒకామె వచ్చేది, టీచర్. మా మేనేజర్ రిజల్ట్ తొందరగా రావాలని పీల్ ఇంకో రెండు నిమిషాలు ఉంచమంది, నేను ఉంచాను. గడ్డం మీద రూపాయి బిళ్లంత నల్ల మచ్చలు రెండు పడ్డాయి. మనలాంటి ఛాయకు వేడి, యాసిడ్ కొంచెం ఎక్కువైనా మచ్చ నల్లగా తేలుతుంది, అది పోవడానికి నెలలు. ‘ఎండలో తిరిగావు’ అని ఆమెకు చెప్పమన్నారు, చెప్పాను కూడా. తర్వాతి నెల మానేశాను.

కాబట్టి చెల్లీ, బొటాక్స్, ఫిల్లర్, తెల్లబడతారని వేసే గ్లూటాథయోన్ సూదులు అన్నీ డాక్టర్ చేతిలో ఉండాల్సినవి, ‘రెండు రోజుల్లో నేర్పిస్తాం’ అని ఇన్‌స్టాలో వచ్చే యాడ్ ముట్టుకోకు, ఏమన్నా అయితే కేసు నీ మీదే. లేజర్ కూడా డాక్టర్ అక్కడ ఉండి చూసుకునే చోటైతేనే చేరు. పార్లర్ పెట్టినా ఫేషియల్ క్రీమ్‌లో స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్ కలిపే అలవాటు నేర్చుకోకు, వారంలో మొహం మెరుస్తుంది, ఆరు నెలలకు ఎర్రబడి సన్నటి రోమాలు వస్తాయి, ఆపితే మంట.

కాజీపేట_తమ్ముడు

మా అక్క పార్లర్‌లో యూవీ పెట్టెలో పెట్టి తీస్తే అన్నీ స్టెరిలైజ్ అయినట్టే అనుకుంటుంది. ఆ నీలం లైట్ తగిలిన వైపే కదా, కింది వైపు సంగతి? కడిగి, తుడిచి, మందులో నానబెట్టాకే ఆ పెట్టె. బ్లాక్‌హెడ్ తీసే సూది అయితే వాడి పారెయ్యాలి. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, అందుకే నోరు ఊరుకోలేదు.

హన్మకొండ_బీకాం

అందరికీ చాలా థాంక్స్. నిన్న మళ్లీ ఆ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాను, బాపును కూడా తీసుకుని. పోయిన బ్యాచ్ సర్టిఫికెట్ చూపించమన్నాను. అక్కడ ఉన్నామె కాసేపు ఫోన్‌లో వెతికి, లామినేట్ చేసింది ఒకటి తెచ్చింది. అశోక చక్రం లాంటి బొమ్మ ఒకటి ఉంది, కింద ఐఎస్ఓ ముద్ర, ఇన్‌స్టిట్యూట్ పేరే రెండుసార్లు. లెవెల్ ఎక్కడ అంటే ‘మేడమ్, లైసెన్స్ అంటే సర్టిఫికెట్టే కదా’ అంది. బాపు ఏమీ మాట్లాడలేదు, బయటికొచ్చి చాయ్ తాగి ‘చిట్టి ఎత్తే పని తప్పింది’ అన్నాడు.

ఐటీఐకే అప్లై చేస్తాను. అప్పటిదాకా ఖాళీగా ఉండలేను. కిషన్‌పుర అక్కా, మీ దగ్గర శని, ఆదివారాలు వచ్చి నేర్చుకోవచ్చా? జీతం వద్దు.

కిషన్‌పుర_పార్లర్_అక్క

జీతం వద్దని ఎవరికీ చెప్పకు, అదే మొదటి పాఠం. మెసేజ్ పెట్టు, అడ్రస్ పంపిస్తా. ఆదివారం తొమ్మిదిన్నరకు రా, గోళ్లు కత్తిరించుకుని, జడ బిగించుకుని. నువ్వు వ్యాక్స్ చేసేది మొదట నీ పిక్క మీదే, ఆ తర్వాత నా చేతి మీద. టవల్స్ మాత్రం ఇద్దరం కలిసి ఉతుకుదాం.